రేపు తెల్లారుజామున ఒక్కడినే బండి తీస్తున్నా, పొలాల ఫొటోలకు ఎటు పోతే బాగుంటుంది?

మల్కాజిగిరి_బండి | శుక్రవారం, రాత్రి 9:40
అనుకోకుండా రేపు సెలవు దొరికింది. ఎవరినీ పిలవలేదు, రూమ్ బుకింగ్ లాంటివేమీ లేవు. బైక్ ఉంది, కెమెరా ఉంది, 24-70 లెన్స్ ఉంది. చీకటితోనే బయలుదేరి పల్లెల్లో తిరిగి రాత్రికి ఇల్లు చేరాలి. జలపాతాలు, వ్యూ పాయింట్లు నాకు అక్కర్లేదు. పొలాలు, చెట్లు, పనిచేసుకునే మనుషులు, ఊరికీ ఊరికీ మధ్య ఉండే చిన్న రోడ్లు కావాలి. వరంగల్ రోడ్డా, మెదక్ రోడ్డా, శ్రీశైలం రోడ్డా, వికారాబాద్ రోడ్డా తేలడం లేదు. నవంబర్ చివర్లో ఎటు పోతే బాగుంటుందో తెలిసినవాళ్లు చెప్పండి.

మంజీర_తీరం | రాత్రి 9:52
నా ఓటు మెదక్‌కే. గండిమైసమ్మ దాటి నర్సాపూర్ అడవిలోకి వెళ్లేసరికి చలి తెలుస్తుంది. మెదక్ చర్చి 1924 డిసెంబర్ 25న ప్రారంభమైంది, వందేళ్లు దాటినా లోపల రంగు అద్దాల మీద వెలుగు చూస్తే కదలబుద్ధి కాదు. అయితే నువ్వు పొలాలంటున్నావు కాబట్టి చర్చి దాకా పోకుండా దారిలోనే ఆగినా చాలు.

నల్లమల_నడక | రాత్రి 10:01
శ్రీశైలం రోడ్డు మాత్రం ఈసారికి వదిలెయ్ తమ్ముడూ. ఆ అడవి అంటే నాకు ప్రాణం, అందుకే చెబుతున్నా. మన్ననూర్ చెక్‌పోస్ట్ దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను వదలరు. లోపలంతా అమ్రాబాద్ పులుల అభయారణ్యం, నచ్చిన చోట ఆపి దిగడం కుదరదు. వెళ్లి రావడానికే రోజు అయిపోతుంది. పొలం గట్టు మీద నిలబడి తీసే ఫొటోలకు ఆ దారి పనికిరాదు.

పాతలెన్స్ | రాత్రి 10:20
ఊరు తర్వాత అనుకోవచ్చు, ముందు దిక్కు అనుకో. ఒంటరిగా, ప్లాన్ లేకుండా పోయేవాడికి నేనెప్పుడూ చెప్పే మాట: పొద్దున పడమరకు పో, సాయంత్రం తూర్పుకు తిరిగి రా. రెండు పూటలా సూర్యుడు వీపు వెనకే ఉంటాడు. వరంగల్ రోడ్డులో పొద్దున భువనగిరి వైపు పోతే ఎండ సూటిగా కళ్లలోకి కొడుతుంది, సాయంత్రం వచ్చేటప్పుడూ అంతే. కారులో వైజర్ దించుకుంటావు, బైక్ మీద ఆ వెసులుబాటు లేదు. ఎదురుగా వచ్చే లారీ కూడా సరిగ్గా కనబడదు.

అందుకే వికారాబాద్ రోడ్డు. అప్పా జంక్షన్ నుంచి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల పొడవునా సుమారు 900 మర్రి చెట్లు. నిజాం కాలం నాటివి. రెండు వైపుల కొమ్మలు పైన కలిసిపోయి ఉంటాయి. రోడ్డు వెడల్పు కోసం వాటిని కొట్టేయొద్దని ఏళ్ల తరబడి జనం కొట్లాడారు, కేసు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ఆ చెట్లను ఇంకా ఫొటో తీయగలుగుతున్నామంటే అది ఆ కొట్లాడిన వాళ్ల పుణ్యమే.

అక్కడ అందరూ పడమర వైపు చూసి తీస్తారు. వెలుగు ముందు నుంచి పడి చెట్టు చదునుగా వస్తుంది. నువ్వు వెనక్కి తిరిగి హైదరాబాద్ వైపు చూడు. ఈ రోజుల్లో పొద్దు ఆరున్నర ప్రాంతంలో పొడుస్తుంది. ఏడింటికల్లా ఊడల మధ్య నుంచి కిరణాలు దుమ్ములో గీతల్లా దిగుతాయి. మంచు పట్టి ఉంటే ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (అంటే వెలుగు రెట్టింపు) పెంచు, లేకపోతే కెమెరా ఆ తెల్లదనాన్ని బూడిద రంగు చేసేస్తుంది.

ఒక్కటి గట్టిగా చెబుతున్నా: తారు మీద నిలబడి ఒక్క ఫొటో కూడా తీయొద్దు. ఆ రోడ్డు ఇరుకు, మలుపులు ఎక్కువ, బస్సులూ టిప్పర్లూ ఆగవు. బండిని మట్టి బాట మీదికి పూర్తిగా దింపి, చెట్టు మొదలుకు అవతల నిలబడి తీయి.

నీలిహెల్మెట్ | రాత్రి 10:34
నేనూ ఒక్కదాన్నే తిరుగుతాను, ఎక్కువగా ఇటువైపే. ప్లాన్ లేకుండా పోవడం వేరు, ఎవరికీ చెప్పకుండా పోవడం వేరు. ఏ రోడ్డు పట్టుకుంటున్నావో ఇంట్లో ఒకరికి చెప్పి, లైవ్ లొకేషన్ పంపు. రోడ్డు మారినప్పుడల్లా ఒక మెసేజ్ పెట్టు. 112 తెలిసిందే, జాతీయ రహదారి మీద బండి ఆగిపోతే 1033. చిన్న రోడ్లలో సిగ్నల్ పోతుంది, కాబట్టి మ్యాప్ ఇప్పుడే డౌన్‌లోడ్ చేసి పెట్టుకో.

నాలాగా ఒంటరిగా వెళ్లే అమ్మాయిలు చదువుతుంటే వాళ్ల కోసం కూడా: టాయిలెట్‌కు పెద్ద పెట్రోల్ బంకులు, లేదంటే చేవెళ్ల, వికారాబాద్ బస్టాండ్లు. ఊళ్లో ఆగాలంటే ఆడవాళ్లు పని చేస్తున్న చోట ఆగండి. "ఒక్కదానివే వచ్చినవా బిడ్డా?" అని అడుగుతారు. ఆ ప్రశ్న వెనక చాలాసార్లు ఉండేది నిజమైన ఆదుర్దానే. నేను బండి ఆపి, హెల్మెట్ తీసి, కూర్చుని మాట్లాడతాను. కెమెరా సంచి లోపలే ఉంటుంది. కాసేపయ్యాక వాళ్లే "ఫొటోలు తీస్తవా?" అని అడుగుతారు.

మల్కాజిగిరి_బండి | రాత్రి 10:41
వికారాబాద్ రోడ్డే ఖాయం. పాతలెన్స్ గారూ, నీలిహెల్మెట్ అక్కా, థ్యాంక్స్. నాచారం వైపు నుంచి ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) ఎక్కి పోవచ్చా?

చెరువుగట్టు | రాత్రి 10:44
ఓఆర్‌ఆర్ మీదికి బైకులను రానివ్వరు అన్నా. ఊరి మధ్య నుంచే మెహిదీపట్నం, లంగర్‌హౌస్ మీదుగా పో. అయిదింటికి రోడ్లు ఖాళీగానే ఉంటాయి.

తాండూరు_కంది | రాత్రి 11:15
మాది తాండూరు దగ్గర పల్లె, ఉద్యోగం కూకట్‌పల్లిలో. మా వైపు వస్తున్నావంటే సంతోషంగా ఉంది. ఇప్పుడు పొలాల్లో ఏముందో, ఎప్పుడు ఎక్కడ ఉండాలో చెబుతా, లేకపోతే ఎక్కువ సేపు ఖాళీ చేన్లు చూస్తావు.

పొద్దున్నే పత్తి చేనుకు పోకు. మంచు ఆరేదాకా ఎవరూ చేన్లోకి దిగరు. తడి పత్తి కొనరు. సీసీఐ (ప్రభుత్వ పత్తి సంస్థ) వాళ్లు తేమ 8 శాతం ఉంటే పూర్తి ధర ఇస్తారు, 12 దాటితే తీసుకోరు. అందుకే తొమ్మిది, పది తర్వాతే ఆడవాళ్లు నడుముకు గుడ్డ కట్టుకుని వరుసగా దిగుతారు. నీకు ఫొటో కావలసిన వెలుగు ఏడింటికి, మాకు పని మొదలయ్యేది పదింటికి. ఈ తేడా తెలియక చాలామంది ఒట్టి చేను తీసుకుని పోతారు.

పొద్దున వరి దగ్గర ఉండు. కోతలు అయిపోతున్నాయి, రోడ్ల మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. అక్కడా తేమ గొడవే: 17 శాతం లోపు ఉంటేనే కొనుగోలు కేంద్రంలో కాంటా వేస్తారు. కల్లాలు అందరికీ లేవు, తారు రోడ్డు వేడికి తొందరగా ఆరతాయి. రాత్రి కుప్ప చేసి టార్పాలిన్ కప్పుతారు. పొద్దున మళ్లీ పరిచి, కాళ్లతో చాళ్లు తీస్తూ తిరగేస్తారు. ఆ చాళ్ల మీద ఏటవాలు ఎండ పడినప్పుడు చూడు.

వికారాబాద్ దాటి తాండూరు వైపు వస్తే కందిచేన్లు పసుపుపచ్చగా పూసి ఉంటాయి. మా తాండూరు కందిపప్పుకు 2022లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. నల్లరేగడి నేలలు, కింద సున్నపురాయి, ఆ రుచి మరెక్కడా రాదు. సాయంత్రం నాలుగు దాటాక కందిపూలు ఎండకు ఎదురుగా పెట్టి తీస్తే రెమ్మ రెమ్మకూ వెలుగు అంచు కడుతుంది. దారిలో నాపరాయి గనులుంటాయి, బండల దొంతరలు బాగుంటాయి కానీ గని అంచుకు పోకు.

ఇక చేన్లోకి దిగే పద్ధతి. పత్తి వరుసల మధ్య నడిస్తే విచ్చిన పత్తి రాలిపోతుంది, గట్టు మీదే ఉండు. ఆరబోసిన వడ్లను తొక్కకు, బండి అసలే ఎక్కించకు. పిల్లల ఫొటోలు పెద్దవాళ్లను అడగకుండా తీయకు. ఎవరైనా "ఏ పేపరోళ్లు?" అని అడిగితే నిజం చెప్పు. పంట నష్టం రాయడానికి వచ్చిన ఆఫీసరనుకుని మా వాళ్లు ఆశపడతారు, ఆ ఆశ కల్పించకు.

దక్కన్_ఫ్రేమ్ | రాత్రి 11:30
అడిగి తీస్తే సహజత్వం పోతుంది. అడగగానే చీర సర్దుకుని, నిటారుగా నిలబడి, కెమెరా వంక చూస్తారు. నేను దూరం నుంచి 200 ఎంఎం జూమ్ లెన్స్‌తో తీసేస్తాను. ఎవరికీ ఇబ్బంది లేదు, ఫొటో కూడా నిజంగా ఉంటుంది.

తాండూరు_కంది | రాత్రి 11:38
ఇబ్బంది ఉందా లేదా అన్నది తీసినవాళ్లు తేల్చేది కాదు భాయ్. మా అమ్మ మునుం పట్టి కలుపు తీస్తుండగా ఎవరో దూరం నుంచి తీశారు. అది నెట్‌లో తిరిగి, ఆఖరికి మా బంధువుల ఫోన్లో మాకు కనబడింది. కింద "పేదరికం" అని రాసి ఉంది. మాది సొంత చేను, ఆ ఏడు పంట బాగా పండింది. మా అమ్మకు అన్నిటికన్నా బాధ కలిగించింది ఆ ఒక్క మాటే. అడిగి ఉంటే పేరు చెప్పేది, చేను ఎవరిదో చెప్పేది, నీళ్లు కూడా ఇచ్చేది.

పాతలెన్స్ | రాత్రి 11:55
దక్కన్_ఫ్రేమ్, నీ వాదన అర్థమవుతుంది, కానీ ఒప్పుకోను. చీర సర్దుకుని నిలబడటం అబద్ధమెలా అవుతుంది? తను ఎలా కనబడాలనుకుంటుందో ఆ మనిషి చెబుతోంది, అదీ నిజమే. ఆరో నిజాం దగ్గర పనిచేసిన రాజా దీన్‌దయాళ్ గాజు పలకల మీద తీసేవారు. ఎదుటి మనిషి ఒప్పుకుని కదలకుండా ఉంటే తప్ప ఫొటో వచ్చేది కాదు. అయినా ఆ ముఖాల్లో ఎంత ప్రాణం!

పని కూడా చెబుతా. ముందు వాళ్లు కోరినట్టు నిలబెట్టి ఒకటి తీయి, స్క్రీన్ మీద చూపించు. తర్వాత అక్కడే ఉండు. వాళ్లు పనిలో పడతారు, నిన్ను మరిచిపోతారు. నీకు కావలసిన ఫొటో అప్పుడు వస్తుంది, అదీ దగ్గర నుంచి, 35 ఎంఎంలో. దూరం నుంచి లాగిన ఫొటోలో చేను ఉండదు, వెనక అంతా మసక. పల్లె తీయడానికి పోయి పల్లెను మసక చేయడం ఎందుకు?

దక్కన్_ఫ్రేమ్ | శనివారం, రాత్రి 12:04
అమ్మ సంగతి విని నిజంగా బాధేసింది తాండూరు భాయ్. సంతలో, జాతరలో అందరినీ అడగలేం కదా, అక్కడ మాత్రం నా పద్ధతి నాదే. చేనులో ఒంటరిగా ఉన్న మనిషి విషయంలో నీ మాట నిజం.

ఎగిరే_కన్ను | ఉదయం 5:50
పొలాలంటే పైనుంచి చూడాలి. డ్రోన్ తీసుకుపోవచ్చుగా?

చెరువుగట్టు | ఉదయం 6:15
250 గ్రాములు దాటిన డ్రోన్‌కు రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. ఎగరేసే ముందు ప్రభుత్వ డిజిటల్ స్కై సైట్‌లో మ్యాప్ చూడాలి, రెడ్ జోన్ అయితే ముట్టుకోవద్దు. ఈ దారిలో పూడూరు దగ్గర దామగుండం అడవి ఉంది, అక్కడ నౌకాదళ కమ్యూనికేషన్ స్టేషన్‌కు 2024 అక్టోబర్‌లో శంకుస్థాపన జరిగింది. ఆ చుట్టుపక్కల డ్రోనూ వద్దు, కెమెరా పట్టుకుని తిరగడమూ వద్దు. పైగా డ్రోన్ చప్పుడుకు ఎడ్లు, గొర్రెల మందలు బెదురుతాయి. మందను మళ్లీ కూడగట్టడానికి కాపరికి ఎంతసేపు పడుతుందో ఆలోచించు.

మల్కాజిగిరి_బండి | మధ్యాహ్నం 1:10
వికారాబాద్‌లో ఉన్నా, జొన్నరొట్టె తింటున్నా. వెనక్కి తిరిగి చూడమన్న మాట ఎంత విలువైనదో మొయినాబాద్ దాటాక తెలిసింది, పాతలెన్స్ గారూ. వివరంగా రాత్రికి రాస్తా. ఎండ నడినెత్తిన ఉంది, ఈ రెండు గంటలు ఏం చేయాలి? అనంతగిరి ఎక్కనా?

పాతలెన్స్ | మధ్యాహ్నం 1:22
శనివారం అనంతగిరి అంతా కార్లే. నువ్వు అడిగినవి అక్కడ లేవు. మూసీ పుట్టేది ఆ కొండల్లోనే కాబట్టి ఎప్పుడైనా వారం మధ్యలో, వానాకాలంలో రా. ఈ ఎండలో నీడ ఉన్న చోట పని చూసుకో: టీ కొట్టు, దర్జీ, కొలిమి, రైల్వే జంక్షన్ ప్లాట్‌ఫారం బయట జామకాయలు అమ్మేవాళ్లు. తలుపు దగ్గర పడే వెలుగు మధ్యాహ్నం కూడా మెత్తగా ఉంటుంది. మూడు దాటాక ధారూరు వైపు కదులు. వరికోత మిషన్ దగ్గర లెన్స్ మార్చకు, ఆ పొట్టు సెన్సర్ మీద పడితే వదలదు.

నీలిహెల్మెట్ | మధ్యాహ్నం 1:30
కోట్‌పల్లి రిజర్వాయర్ దాకా పోయినా అయిదుకల్లా తిరుగు ముఖం పట్టు. పొద్దు 5:40కి గుంకుతుంది, తర్వాత చీకటి గబుక్కున పడుతుంది. రోడ్డు మీద వడ్ల కుప్పలకు నల్ల టార్పాలిన్ కప్పి చుట్టూ రాళ్లు పేరుస్తారు. బైక్ లైటు వెలుగులో అవి దగ్గరికి వచ్చేదాకా కనబడవు. చిన్న రోడ్డు వెలుగుండగానే దాటేయాలి.

మల్కాజిగిరి_బండి | రాత్రి 9:25
క్షేమంగా ఇల్లు చేరా. మీ అందరి మాటా విన్నందుకు రోజంతా బాగా గడిచింది, కాబట్టి వివరంగా రాస్తున్నా.

మర్రి చెట్ల కింద అనుకున్నదానికంటే చాలాసేపు ఉన్నా. మంచు పలచగా ఉంది. ఒక పాలవాడు క్యాన్లు కట్టుకుని టీవీఎస్ మీద వస్తుంటే కిరణాల మధ్య నుంచి దాటాడు. చెట్టు మొదట్లో ఎవరో పసుపు కుంకుమ పెట్టి ఉన్నారు. ఆ చెట్లను ఫొటోల్లో చాలాసార్లు చూశా, కానీ కింద నిలబడితే వచ్చే చల్లదనం, పిట్టల గోల ఫొటోలో పట్టవు. ఒక్కో ఊడ నా నడుమంత లావుంది. ఇవి ఉండాలని కొట్లాడినవాళ్లకు మనసులో దండం పెట్టుకున్నా.

చేవెళ్ల దాటాక పెద్ద రోడ్డు వదిలి, ఎడమకు తిరిగే ఒక చిన్న రోడ్డు పట్టుకున్నా. ఊరి ముందే వడ్లు. ఒక ముసలాయన, ఆయన భార్య కాళ్లతో చాళ్లు తీస్తున్నారు, తాండూరు_కంది చెప్పినట్టే. బండి దూరంగా ఆపి నడిచి వెళ్లా. ఆయన మొదటి మాట నిజంగా "ఏ పేపరు బిడ్డా?" అనే. ఏ పేపరూ కాదు, చూడటానికి వచ్చానని చెప్పా. వడ్ల మధ్య తన కాళ్లు చూపించి, "ఇవి దియ్యి, ముప్పై ఏండ్ల సంది ఇదే పని" అన్నాడు. నాకు కావలసిన ఫొటో నా కంటే ముందు ఆయనకే కనబడింది. పగిలిన మడమలు, వేళ్ల మధ్య బంగారు రంగు గింజలు, పక్కన పొడవాటి నీడ. ఈ రోజు తీసిన వాటన్నిటిలో నాకు అదే ఎక్కువ ఇష్టం.

పత్తి చేనులో పదిన్నరకు పని మొదలైంది. ఎండ గట్టిగా ఉంది, తెల్ల పత్తి ఎక్స్‌పోజర్‌తో చాలా ఇబ్బంది పెట్టింది. పత్తిని చూసి కొలిస్తే ముఖాలు నల్లబడ్డాయి, ముఖాలకు పెడితే పత్తి తెల్లగా కాలిపోయింది. అడ్డుగా తిరిగి, వాళ్ల నీడ నా వైపు పడేలా నిలబడితే కొంత కుదిరింది. దీనికి మంచి మార్గం ఎవరైనా చెప్పండి.

కందిచేను దగ్గర నాలుగున్నరకు ఉన్నా. దాని గురించి ఇంకేం రాయను, ఫొటోలు రేపు పెడతా. అయిదుకు తిరిగి, వికారాబాద్ పెద్ద రోడ్డు ఎక్కేసరికి చీకటి పడింది. దారిలో టార్పాలిన్ కుప్పలు కనబడినప్పుడల్లా నీలిహెల్మెట్ అక్క గుర్తొచ్చింది.

ఇంకో సంగతి. ఆ ముసలాయన "మాకు ఇస్తవా ఫొటో?" అని అడిగాడు, ఇస్తానన్నా. పత్తి చేనులోవాళ్లకు కూడా మాటిచ్చా. వాళ్లకు వాట్సాప్‌లో పంపితే సరిపోతుందా, ప్రింట్లు వేయించాలా?

పాతలెన్స్ | రాత్రి 9:48
పత్తికి: హైలైట్ వార్నింగ్ (కాలిపోయే తెలుపును స్క్రీన్ మీద మెరిపించి చూపేది) ఆన్ చేసి, పత్తి మెరవనంత వరకు ఎక్స్‌పోజర్ తగ్గించి రా (RAW) ఫైల్‌గా తీయి. ముఖం తర్వాత ఎత్తుకోవచ్చు, కాలిపోయిన తెలుపు మాత్రం తిరిగి రాదు. ఇంకా మంచిది సాయంత్రం పత్తి మూటలు కట్టి ట్రాలీకి ఎత్తే వేళకు పోవడం. పని అదే, వెలుగు మాత్రం నీ వైపు ఉంటుంది.

తాండూరు_కంది | రాత్రి 10:05
ప్రింటే అన్నా. ఫోన్ మారితే వాట్సాప్ ఫొటోలు పోతాయి. మా ఊళ్లో చాలా ఇళ్లలో పెద్దవాళ్లకు ఓటరు కార్డు కోసం తీయించిందే తప్ప మరో ఫొటో లేదు. మనిషి పోయాక దండ వేయడానికి అదే పెద్దది చేయించి, మసకగా ఉన్నా గోడకు తగిలిస్తారు. ఆ ముసలాయనవి కాళ్లు ఒక్కటే ఇవ్వకు. ఆయనదీ, ఆమెదీ ముఖాలు బాగా కనబడేది ఒకటి, ఇద్దరూ కలిసి ఉన్నది ఒకటి వేయించు. అలాంటిది తీశావా?

మల్కాజిగిరి_బండి | రాత్రి 10:12
తీశా. పాతలెన్స్ గారు చెప్పినట్టు ముందు వాళ్లు కోరినట్టే నిలబెట్టి తీశా. ఆమె కొంగు సర్దుకుంది, ఆయన తలపాగా తీసి మళ్లీ చుట్టుకున్నాడు. ఇద్దరూ కెమెరా వంకే చూస్తున్నారు.

తాండూరు_కంది | రాత్రి 10:15
అది 8×12 వేయించి లామినేషన్ చేయించు, పల్లె ఇళ్లలో వానకు గోడలు తేమ పడతాయి. మిగతావాళ్లకు 4×6 చాలు. కొరియర్ ఆ ఊరి దాకా పోదు, నువ్వే తీసుకుపో. కోతలు అయిపోతే వాళ్లు కూలికి వేరే ఊరు పోవచ్చు, కాబట్టి డిసెంబర్ రెండో వారం దాటనివ్వకు. పోయే ముందు చెప్పు, నేనూ ఊరికి వెళ్లే వారమైతే చేవెళ్లలో కలుస్తా, అక్కడి నుంచి కలిసి పోదాం.

మల్కాజిగిరి_బండి | రాత్రి 10:19
తప్పకుండా. సోమవారం ల్యాబ్‌కు ఇస్తున్నా.

నీలిహెల్మెట్ | రాత్రి 10:31
ఆదివారం పెట్టుకుంటే నేనూ వస్తా. పత్తి చేనులో ఆడవాళ్ల ప్రింట్లు పంచేటప్పుడు నేనుంటే ఇంకాస్త మాట్లాడతారు.